మానని ఒడలి నొప్పులు

విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు వ్రాయవలసిన మేము ఒడలి నొప్పులను గూర్చి వ్రాయుట యేమని సభ్యులు కొందరు శంకింపవచ్చును. కారణము చెప్పెదము. చాళ్లలో నాటవలెననియు, కలుపు సకాలమున తీయవలెననియు మేము గ్రామములలో బోధించునప్పుడు రైతులు మర్యాదగా విని, "అదంతా నిజమేనండి, ఒళ్లు సహకరించవద్దూ?" అనుచుందురు. చాలకాలము మేమా మాటను పనికి వెనుదీయు మాటగానే యెంచితిమి. కాని సంఘపు బాకీలు వాయిదా తప్పిన సభ్యులను విచారింపగా, పంట పోయినవారు కొందరు. పంట పండియు ఆ సొమ్ము స్కానింగులకును, సెలైనులకును, ఇంజెక్షనులకును పోసినవారు మరికొందరు. ఈ రెండవ తెగవారిలో పెక్కుమందికి ఏ యవయవమునందును రోగము కనబడలేదు. సొమ్ము పోయినది, నొప్పి మాత్రము పోలేదు.

దెబ్బ తగిలి రెండు మూడు వారములలో మానిపోవు నొప్పిని గూర్చి మేమిచ్చట చెప్పబోవుట లేదు. మూడు నెలలు దాటియు నిలిచి, ఒకచోట నుండక మెడ, భుజములు, నడుము, తుంట్లు, పిక్కలు అంతటను వ్యాపించు నొప్పినిగూర్చియే ఈ వ్యాసము.

మా తప్పిద మొకదానిని ముందుగా చెప్పుకొనుట న్యాయము. నాలుగేండ్ల క్రిందట ఒక గ్రామమున వరి ప్రదర్శన క్షేత్రము నడుపుచుంటిమి. ఆ పొలము గల సభ్యురాలు వితంతువు, నలుబదియేండ్లు నిండనిది. నాట్లనాడు అందరికంటె ముందు వచ్చినది, కలుపునాడు రాలేదు. మరల రెండుదినములు వచ్చినది, నాలుగుదినములు రాలేదు. చూచుటకు మనిషి బలముగానే యుండెను. మేము దినచర్య పుస్తకమున "శ్రద్ధ చాలదు" అని వ్రాసి, మరుసటియేట ఆ క్షేత్రమును వేరొకరికిచ్చితిమి. దానితోకూడ ఉచితముగా వచ్చు విత్తనమును ఎరువును ఆమెకు పోయెను. తరువాత పని యొకటి కలిగి వారి యింటికి పోగా, ఆమె గోడకు తగిలించిన సంచి దింపి, మూడేండ్ల కాగితములు ముందర పరచినది. ఎక్సురేలు, రక్తపరీక్షలు, అన్నిటను "నార్మల్" అనియే. "అయ్యా, కాలు విరిగితే కట్టు కనపడుద్ది. నాకు కట్టు ఎక్కడ కట్టాలో ఎవురికీ తెలవదు" అని ఆమె యనినది. మాకు మాట రాలేదు.

"నార్మల్" అనుమాటకు "ఈ పరీక్ష వెదకిన రోగము ఇందు లేదు" అనియే యర్థము. "నొప్పి లేదు" అని యర్థము కాదు. నొప్పిని గూర్చి పరిశోధించు అంతర్జాతీయ వైద్యసంఘమువారు 1979లో నొప్పికి ఒక నిర్వచనము చేసి, దానిని 2020లో సవరించిరి. నాకు నొప్పిగా నున్నదని యొకరు చెప్పినచో ఆ మాటను గౌరవింపవలెనని దానికి వివరణగా చేర్చిరి. పెద్ద చదువులు చదివినవారు ఇంత తేటగా చెప్పిన దానిని మనము ఇరుగుపొరుగులలో పాటింపకున్నాము.

అయినను నొప్పి దేహమంతట ఉన్నంతమాత్రమున అన్నియు నొకటి కావు. కొన్నింటికి కారణము దొరకును. కారణము దొరకిన చాలవాటికి మందును కలదు. కావున ముందు వెదుకవలెను. ఒకసారి చక్కగా వెదుకవలెను గాని, పట్టణమునకొక పర్యాయము అవే పరీక్షలను మరల మరల చేయించుకొనరాదు.

పాడిపశువులు గలవారు మొదట తలంపవలసినది బ్రుసెల్లా జ్వరము. పశువులలో ఈసుకుపోవు రోగమని మన మనునది ఇదియే. ఈసుకుపోయిన పశువు మాయను వట్టిచేతులతో తీసినవారికిని, పచ్చిపాలు త్రాగినవారికిని ఇది యంటును. జ్వరము వచ్చుచు పోవుచుండును, చెమటలు పట్టును, నడుము, తుంట్లు, కీళ్లు నొచ్చును. "మా కొట్టములో గేదె ఈసుకుపోయినది" అని మీరు చెప్పనిచో డాక్టరుకు ఈ రోగము తోచకయే పోవచ్చును. రక్తపరీక్షవలన తెలియును. మందులను రెండింటిని కలిపి, ఆరువారములకు తక్కువ కాకుండ వాడవలెను. జ్వరము తగ్గినదని నడుమ మానినచో తిరుగబెట్టును. పెయ్యదూడలకు నాలుగు మొదలు ఎనిమిది నెలల వయస్సులోపల ఒకమారు టీకా వేయించుట పశువునకును యజమానునికిని రక్ష.

రెండవది నీటివలన వచ్చునది. బోరునీటియందు ఫ్లోరైడు మిక్కుటముగా నున్నచోట్ల ఎముకలును, వాటిని పట్టియుండు బంధములును గట్టిపడి, దేహమంతట నొప్పియు బిగువును కలుగును. మన దేశమున ఈ వ్యాధిని గూర్చి వైద్యులు 1937లో మొదటిసారిగా ప్రకటించినది నాటి నెల్లూరు జిల్లా గ్రామములను చూచియే. నల్లగొండ ప్రాంతపు కష్టము లోక మెరిగినదే. ఇంటివద్దనే మూడు పరీక్షలు చేసికొనవచ్చును: మోకాళ్లు వంచక వంగి కాలివ్రేళ్లను ముట్టుట, గడ్డమును రొమ్మునకు ఆనించుట, చేతులను ప్రక్కలకు చాచి, మడిచి, తల వెనుక భాగమును తాకుట. ఈ మూడును చేయలేనివాడు గ్రామములో నొక్కడుకాక పలువురున్నయెడల ముందు నీటిని పరీక్షకు పంపుడు. లీటరునకు ఒక మిల్లిగ్రాము వరకు మంచిది. వేరు నీరు దొరకనిచో ఒకటిన్నర వరకు ఓర్వవచ్చునని ప్రమాణము. నీటిని కాచినచో ఫ్లోరైడు పోవునని కొందరి నమ్మకము. పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కనగును. పటికయు సున్నమును కలిపి తేర్చు పద్ధతిని నాగపురమునందలి పరిశోధనాలయమువారు కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. అంతకంటెను మేలైనది నదీజలము వచ్చుచోట దానినే త్రాగుట. బిగిసిన ఎముక తిరిగి వదులగుట దుర్లభము గనుక పిల్లల విషయమున జాగు పనికిరాదు.

తక్కినవానిని త్వరగా చెప్పెదము. 2006వ సంవత్సరమున దేశమంతట పదమూడు లక్షలకు పైగా జనులకు సోకినట్లు లెక్కకు వచ్చిన చికున్‌గున్యా జ్వరము, తగ్గినపిదప కొందరిలో నెలలు, ఏండ్లుకూడ కీళ్లనొప్పులను విడిచిపోవును. థైరాయిడు గ్రంథి మందగించినచో ఒడలు బరువెక్కి, చలి యెక్కువై, కండరములు నొచ్చును. డి విటమిను మిక్కిలి తగ్గినచో ఎముకలు నొచ్చి, క్రింద కూర్చున్నవారు లేచుటకు చేతుల ఊత కోరుదురు. ప్రొద్దున లేచునప్పటికి చేతివ్రేళ్ల కణుపులు వాచి, గంటకు పైగా పట్టుకొనియుండుట కీళ్లవాతము. దానికి ప్రత్యేకమైన మందులు కలవు, ఆలస్యము చేసినచో వ్రేళ్లు వంకరలు పోవును. వీనిని కనిపెట్టుటకు కొద్దిపాటి రక్తపరీక్షలును, డాక్టరు తన చేతులతో చక్కగా చూచుటయు సామాన్యముగా చాలును. ఒడలంతయు స్కానింగు తీయించుట అరుదుగాగాని అక్కరలేదు.

అయితే కారణము లేకయే బరువు తగ్గుట, విడువని జ్వరము, రాత్రి పండుకొన్నను నడుమునందు ఒకేచోట పొడుచు నొప్పి, కాలు లేక చేయి బలము తప్పుట, మలమూత్రములు అదుపు తప్పుట, పూర్వము కాన్సరు వచ్చియుండుట అనువానిలో ఏ యొక్కటి యున్నను ఈ వ్యాసమును ప్రక్కనబెట్టి ఆసుపత్రికి పోవలెను. వెన్నెముక క్షయవంటివి అట్లే దాగియుండును. మూత్రము బిగిసి కాళ్లు చచ్చుబడినచో ఆ దినముననే పోవలెను.

డాక్టరువద్ద మనవారు "ఒళ్లంతా నొప్పులండి" అని యూరకుందురు. ఆయనకు అది చాలదు. మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లున్నవో చూడుడు: పోటు, సలుపు, తీపు, గుంజు, పీకు, మంట, తిమ్మిరి. ఇవి యన్నియు నొకటి కాదు. అరికాళ్లు మంటలనియు, చీమలు ప్రాకినట్లున్నదనియు చెప్పినచో డాక్టరు నరములను, మధుమేహమును తలంచును. కీలు వాచి సలుపుచున్నదన్నచో వాపురోగమును తలంచును. పిక్కలు, భుజములు తీపులు తీయుచున్నవి, ముట్టినచో పుండువలె నున్నది అన్నచో ఆలోచన మరియొక దారిని పోవును. మన ముసలమ్మలు ఈ మాటలను ఏమరక వాడుదురు. చదువుకొన్న మేమే అన్నిటికిని "పెయిన్" అని యూరకున్నాము.

మాటలతోపాటు చిన్న పుస్తకమొకటి కావలెను. పాలకేంద్రమున పూటపూటకు పాలు వ్రాసికొనుట మీకు అలవాటే. అట్లే పదునాలుగు దినములు వ్రాయుడు: నొప్పి సున్న మొదలు పదివరకు ఎంత, రాత్రి ఎన్నిమార్లు మెలకువ వచ్చినది, ఆ దినమున ఏ పని ఎంతసేపు చేసితిరి, ఏ మందు మ్రింగితిరి. వీనిలో మొదటి అంకెకంటె మూడవది ముఖ్యము. నొప్పి ఏడు ఉన్నను అరయెకరము కలుపు తీసినవాని స్థితియు, నొప్పి ఐదే యున్నను మంచము దిగనివాని స్థితియు వేరు.

ఇట్లు వెదకినను ఏమియు దొరకనివారు మిగులుదురు. దేహమును మనసులో ఐదు భాగములు చేయుడు: కుడిచేయి భుజముతో, ఎడమచేయి భుజముతో, కుడికాలు తుంటితో, ఎడమకాలు తుంటితో, ఐదవది మెడ మొదలు నడుమువరకు. వీనిలో నాలుగింట మూడు నెలలుగా నొప్పి యుండి, నిద్రించియు అలసటతోనే లేచుచు, పగలంతయు నీరసము, మతిమరపు కూడ నున్నయెడల దానికి ఫైబ్రోమయాల్జియా అని పేరు. 2016లో వైద్యులు సవరించి స్థిరపరచిన లక్షణములకు సారాంశ మిది. పూర్వము, 1990 నాటి పద్ధతిలో, పదునెనిమిది స్థానములను వ్రేలితో నొక్కి, పదునొకండింట నొప్పి యున్నచో ఈ రోగమనుచుండిరి. పరీక్షించిన దేశములలో నూటికి ఇద్దరు మొదలు నలుగురివరకు ఇది కలదు, స్త్రీలలో నెక్కువ. మా సభ్యురాలికి ప్రభుత్వ ఆసుపత్రిలో నొక డాక్టరు అరగంటసేపు కూర్చుండబెట్టి విని చెప్పిన పేరు ఇదియే. పేరు తెలిసిననాడే తనకు సగము బరువు దిగినదని ఆమె చెప్పినది.

ఇది యెట్లు కలుగును? జొన్నచేలో మంచెమీద కావలివానిని తలంపుడు. పందులు నిజముగా పడినరాత్రి వాడు డబ్బా వాయించి ఊరిని లేపును. అది వాని ధర్మము. కాని పందులు వరుసగా పదిరాత్రులు పడినపిదప వాని చెవి మారిపోవును. ఆకు కదలినను డబ్బా, నక్క నడచినను డబ్బా. చేను నిక్షేపముగా నున్నది, డబ్బా మ్రోతయు నిజమే. నొప్పిని మోయు నరములును, వెన్నుపామును, మెదడును ఇట్లే అలవాటు పడి, కొద్దిపాటి ఒత్తిడినికూడ గాయమువలె చాటును. 1965లో మెల్జాక్, వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపామునందు నొప్పికి తలుపువంటి ఏర్పాటున్నదని ప్రతిపాదించిరి. వారు చెప్పిన వివరములు కొన్ని తరువాత సవరింపబడినను, నొప్పి హెచ్చుతగ్గులు గాయమునుబట్టియే కాక మెదడునుబట్టియు ఉండునను మూలవిషయము నిలిచినది. కావున "అంతయు నీ మనసులోనిదే" అని యెగతాళి చేయువాడును, "ఎచ్చటనో నరము తెగినది" అని భయపెట్టువాడును ఇద్దరును తప్పే.

నిద్ర విషయము రైతులకు ప్రత్యేకముగా చెప్పవలెను. 1975లో కెనడా దేశమున మోల్డోఫ్‌స్కీ అను వైద్యుడును ఆయన తోటివారును ఆరోగ్యవంతులను కొందరిని పండుకొనబెట్టి, గాఢనిద్ర పట్టినప్పుడెల్ల ధ్వనిచేసి ఆ నిద్రను చెడగొట్టిరి. కొలది రాత్రులలోనే వారికి కండరములు నొచ్చి, ముట్టిన బాధ కలిగెను. చక్కగా నిద్రపోనిచ్చిన పిదప అది తగ్గెను. పందులకు కాపలా, తెల్లవారుజామున పాలు పితుకుట, వేళగాని వేళ నీరు కట్టుట చేయు మన నిద్ర ఎట్టిదో మీ రెరుగుదురు. ఇంటిలో నిద్రకాపలా వంతులు వేసికొనుట వైద్యములో ఒక భాగమని గ్రహింపవలెను. నొప్పిగల మనిషికి వారమునకు నాలుగు రాత్రులైనను తెగని నిద్ర దొరకవలెను.

ఇక చికిత్స. 2017లో ఐరోపా వైద్యసంఘమువారు ఈ రోగమునకు వాడబడు చికిత్సల నన్నిటిని తూచి, బలముగా సిఫారసు చేసినది ఒక్కటియే: వ్యాయామము. ఈ మాట చెప్పగానే రైతులు నవ్వుదురు. "ప్రొద్దున లేచింది మొదలు మాకు అదేగదండీ!" అందురు. న్యాయమైన ప్రశ్నయే. కాని పొలముపని యెట్టిది? నాట్లలో ఆరుగంటలు నడుము వంచినది వంచినట్లే; పిదప పదిదినములు ఖాళీ; మరల కోతలలో విరుచుకొనిపడుట. అది ఒకేవంక ఒత్తిడి. వ్యాయామమనగా దేహమంతటికి సమానముగా, ప్రతిదినము, కొలత చొప్పున ఇచ్చునది. కోడెను కాడికి మరపువాడు మొదటిదినముననే తడిపొలములో దున్నించడు. వట్టికాడి వేసి త్రిప్పును, తేలికబండి కట్టును, పిదప నాగలి. ఈ నొప్పిగల దేహముకూడ క్రొత్తకోడెయే.

దినమునకు ఐదు మొదలు పది నిమిషముల నడకతో ఆరంభింపుడు. గడియారము చూచియే నడువుడు, ఉత్సాహము చూచి కాదు. నాలుగైదు దినముల కొక నిమిషము పెంచుడు. మొదటి రెండువారములు నొప్పి కొంత హెచ్చవచ్చును. దానివలన లోపల ఏమియు చెడుట లేదు. అన్నిటికంటె కష్టమైన నియమ మిది: బాగున్న దినమున ఎక్కువ చేయరాదు, బాగులేని దినమున బొత్తిగా మానరాదు. మనవారు సరిగా దీనికి వ్యతిరేకము చేయుదురు. ఒకనాడు తేలికగా నున్నదని మూడుదినముల పని యొకనాడే చేసి, నాలుగుదినములు మంచము పట్టుదురు. మా సభ్యురాలు రెండుదినములు వచ్చి నాలుగుదినములు రాకుండుటకు కారణ మిదియే. మేము దానిని అశ్రద్ధ యంటిమి.

పనినికూడ మార్చుకొనవలెను. అరగంట వంగినపిదప లేచి నిలువుగా చేయు పని కొంతసేపు చేయుట. చాళ్లలో నాటి, వంగక త్రోయు కోనోవీడరుతో కలుపు తీయుట. 45 కిలోల యూరియా బస్తాను ఒక్కరే యెత్తక రెండు సంచులు చేసికొనుట. పాలు పితుకునప్పుడు గొంతుకూర్చుండక పీట వేసికొనుట. గోరువెచ్చని నీళ్లస్నానము, యోగాసనములు కొందరికి ఉపకరించును.

మందులను గూర్చి భయపెట్టుట మా యుద్దేశము కాదు, కాని ఒక సంగతి గట్టిగా చెప్పవలెను. సంతలో చాక్లెట్లవలె అమ్ముడగు నొప్పిబిళ్లలు, అనగా డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్ మొదలగునవి, వాపుగల నొప్పికి పనిచేయును. ఈ నొప్పిలో వాపు లేదు; అందుచే మేలు స్వల్పము, కీడు మాత్రము పూర్తిగా వచ్చును. కడుపులో పుండు పడి రక్తము పోవును. ఎండలో చెమటోడ్చి నీరు త్రాగక వీనిని మ్రింగువాని మూత్రపిండములు దెబ్బతినును. ఉద్దానమువంటి చోట్ల, కారణము పూర్తిగా తేలని మూత్రపిండవ్యాధి ముందే యున్నది గనుక, అచ్చటివారు వీనిని డాక్టరు చెప్పక ముట్టరాదు.

రాబందు లేమైనవని పిల్లలు మమ్ము అడుగుచుందురు. డైక్లోఫినాక్ వేసిన పశువు చచ్చినపిదప దాని మాంసము తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని 2004లో తేలినది. 2006లో ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫినాక్‌లనుకూడ పశువులకు మాన్పించినది. (పశువులకు బదులుగా మెలాక్సికామ్ కలదు; అది రాబందులకు హాని చేయదు.) మనుష్యుడు రాబందు కాడు, ఒక బిళ్లకు చావడు. అయినను దెబ్బ తగులు చోటు అదియే.

మూడుదినములలో గుఱ్ఱమువలె లేపు ఇంజెక్షనో పొట్లమో ఎవరైన ఇచ్చినచో అందు స్టిరాయిడు ఉన్నదేమోయని యనుమానింపుడు. మొగము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముక గుల్లయగును. చాలకాలము వాడినదానిని ఒక్కమారుగా మానుటయు ప్రమాదమే. మెల్లగా మాన్పించుటకు డాక్టరు కావలెను.

డాక్టరు రాత్రిపూటకు అమిట్రిప్టిలిన్ కొద్దిమోతాదులో గాని, డులోక్సిటిన్ గాని వ్రాసినచో "ఇది పిచ్చివాండ్ర మందు" అని పారవేయకుడు. ఆ మందులు దిగులుకు వాడునవే. కాని మంచెమీది కావలివానిని శాంతపరచుటకును పనికివచ్చును. వారములు పట్టును, అందరికిని పనిచేయవు, పనిచేసినచోటను నొప్పి కొంతయే తగ్గును. నోరెండుట, మగత కలుగవచ్చును. నిద్రలేమియు నిరాశయు హెచ్చి, బ్రతుకుమీద విసుగు పుట్టినవారు ఇంటివారితో చెప్పుటయే కాక 14416 అను టెలీ మానస్ నంబరునకు ఫోను చేయవచ్చును. దానికి రుసుము లేదు, తెలుగులోనే మాటలాడుదురు.

ఇంటివారికి ఒక మాట. నొప్పిగలవారిని సోమరి యనకుడు. అట్లని చెంబెడు నీళ్లుకూడ ముంచుకొననీయక మంచమున కప్పగింపకుడు. రెండవది ప్రేమతో చేయు అపకారము. నొప్పి యెట్లున్నదని గంటకొకమారు అడుగుటకంటె, నేడు గట్టుమీద నడచితివా యని యడుగుట మంచిది.

మా సభ్యురాలు కాలువగట్టుమీద ఏడు నిమిషములతో మొదలుపెట్టినది. ఏడాది గడచినపిదప నలుబది నిమిషములు నడచుచుండెను. రాత్రి నీరు కట్టుటకు మరిది కుమారుడు వంతు తీసికొన్నాడు. నొప్పి పోయినదా యని మేమడుగగా, "పోలేదయ్యా. ఉంది. దాని దారిన అది ఉంది, నా దారిన నేను పొలం పోతున్నా" అనినది. మొన్నటి దాళ్వాలో కలుపు రెండుమార్లును ఆమెయే అరగంట వంతులతో తీసినది. వచ్చు సార్వాకు ప్రదర్శన క్షేత్రము మరల ఆమె పొలముననే.

పదునాలుగు దినముల పట్టిక నమూనాను సంఘపు కార్యాలయమున గోడకు అంటించితిమి. గీతలు గీసిన బడిపుస్తక మేదైనను దానికి చాలును. చదువురానివారికి ఇంటిలోని బడిపిల్లలచేత వ్రాయింపవచ్చును; వారు మనకంటె క్రమముగా వ్రాయుదురు.